యాభై రెండు చావుల శ్రీరంగం

కోంటా బజారులో చింతపండు అంగడి మంగాదేవిని "మీ తమ్ముడు ఎట్లున్నడు?" అని అడిగితే, "ఈ నెల బతికే ఉన్నడు" అనేది. సొంత అక్క అట్లా మాట్లాడొచ్చా అని కొత్తవాళ్ళు బుగ్గలు నొక్కుకునేవాళ్ళు. పాతవాళ్ళు మాత్రం "అయితే ఏ సీరియల్ల?" అని తర్వాతి ప్రశ్న వేసేవాళ్ళు. మంగాదేవి తమ్ముడు శ్రీరంగం హైదరాబాదులో టీవీ సీరియళ్ళకు వేషాలు వేస్తాడు. ఆయన వేషం చావడం.

చావడం ఎవరికి రాదు అని తీసిపారేయకండి. మనమంతా ఒకేసారి చస్తాం, అదీ ఎవరూ దగ్గరికొచ్చి పరీక్షగా చూడరు. సీరియల్లో చావాలంటే కెమెరా మూడుసార్లు ముఖం మీదికి ఉరికొస్తుంది, కోడళ్ళు ఇద్దరు గుండె మీద పడి గుద్దుతారు, కళ్ళమీద వాళ్ళ గ్లిజరిన్ కన్నీళ్ళు కారుతాయి. అంతసేపూ కనురెప్ప అదరకూడదు, పొట్ట కదలకూడదు. ఊపిరి బిగబట్టడం శ్రీరంగానికి కోంటా పక్కన, రాష్ట్రం పొలిమేరలో పారే శబరి ఏరు నేర్పింది.

చిన్నప్పుడు అంగట్లో కూర్చోబెడితే తక్కెడ పట్టుకునేవాడు కాదు. వారపు సంతకు వచ్చినవాళ్ళతో వాళ్ళలాగే మాట్లాడుతూ కూర్చునేవాడు. అడవి పల్లెల దోర్లావాళ్ళతో దోర్లా, జగదల్‌పూర్ లారీలవాళ్ళతో హల్బీ, తహసీలు గుమాస్తాతో హిందీ. ఒకరోజు తహసీలు గుమాస్తాకే గుమాస్తా నడక నడిచి చూపించి, తండ్రి చేత వీపు వాయించుకున్నాడు. సాయంత్రం ఏట్లో మునిగితే పైకి తేలేవాడు కాదు. ఒడ్డున మంగాదేవి మొదట తిట్టేది, తర్వాత పిలిచేది, ఆ తర్వాత ఏడ్చేది. ఏడుపు గట్టిగా వినబడ్డాక పడవ వెనకనుంచి తల పైకెత్తి నవ్వేవాడు. తడిబట్టతో వాడి వీపు మీద నాలుగు తగిలించాక గానీ ఆమె ఏడుపు ఆగేది కాదు. శ్రీరంగం చావుల్లో మొదటివి అవే, చూసేవాళ్ళు మాత్రం ఒక్కరే.

మీసాలు వచ్చాక ఏరు దాటి భద్రాచలం పోయి నాటకాల్లో చేరాడు. అక్కణ్ణుంచి హైదరాబాదు. సీరియళ్ళు మొదలైన కాలం అది. ఒక డైరెక్టర్ ముఖం చూసి ముచ్చటపడి "ఒక ముక్క చెప్పండి" అన్నాడు. శ్రీరంగం "ఏంది బిడ్డా, గట్ల కూసున్నవ్?" అన్నాడు. డైరెక్టర్ చేత్తో ఆపి, "మీరు నోరు తెరవకపోతే చాలా పెద్దమనిషిలా ఉంటారండీ" అన్నాడు. అట్లా ఆసుపత్రి మంచం మీద పడుకోబెట్టారు. అంతకుముందు ఆ వేషం వేసినాయన చచ్చాక తుమ్మాడట. శ్రీరంగం తుమ్మలేదు. షాట్ అయిపోయిందని చెప్పినా లేవలేదు. నర్సు వేషం అమ్మాయి నిజంగా భయపడి కేకపెట్టింది. ఆ కేకతో ఆయనకు పేరొచ్చింది.

తర్వాత పదిహేనేళ్ళు ఎవరి సీరియల్లో పెద్దదిక్కు పోవాలన్నా "శ్రీరంగం గారిని పిలవండి" అనేవాళ్ళు. గుండె ఆగడంలోనే ఆయన దగ్గర మూడు రకాలుండేవి. కూతురి పెళ్ళి చెడిపోయిందని వింటే ఎడమచేయి గుండె మీద, కుడిచేయి కుర్చీ కోసం వెతుకుతూ వెతుకుతూ పడటం. ఆస్తి పోయిందంటే ముందు కూర్చుని, కొంచెం ఆలోచించి, తర్వాత పక్కకు ఒరగడం. కొడుకు చెడ్డవాడని తెలిస్తే చేతులూ లేవు, ఆలోచనా లేదు, లారీ మీదనుంచి బస్తా దింపినట్టు నిలువునా పడటం. పొద్దున ఒకచోట పోయి, మధ్యాహ్నం అన్నం తిని, సాయంత్రం ఇంకోచోట పోయిన రోజులున్నాయి. పోయాక ఆయన ఫొటో గోడకెక్కేది. దండ వేసుకున్న ఆ ఫొటో ముందు హీరోయిన్లు నెలల తరబడి నిలబడి కష్టాలు చెప్పుకునేవాళ్ళు. ఆయనకంటే ఆయన ఫొటోకే పని ఎక్కువ.

మాట మాత్రం దక్కలేదు. ఆయనకిచ్చిన అన్నిటికంటే పెద్ద డైలాగు "అమ్మా... ఆ ఉత్తరం..." అంతే. ఉత్తరం ఎక్కడుందో చెప్పేలోపు తల వాలిపోవాలి. పెళ్ళి కూడా ఈ చావుల వల్లే కాలేదు. భోపాలపట్నంలో ఒక సంబంధం కుదిరినట్టే కుదిరింది. పిల్ల నానమ్మ ఆ వారంలోనే టీవీలో ఆయన ముక్కుల్లో దూది చూసి "చూసి చూసి గీనికిస్తమా?" అని లేచిపోయింది.

మంగాదేవి అంగట్లోకి టీవీ వచ్చిన నెలలోనే తమ్ముడు మొదటిసారి ఆమె కళ్ళముందు పోయాడు. నటన అని తెలుసు. తెలిసినా కాళ్ళు తీసుకుపోతే బావి దగ్గరికి పోయి నెత్తిన రెండు బిందెలు కుమ్మరించుకుంది. సంతకు తెచ్చిన చింతపండు గంప దించుతున్న దోర్లామనిషి ముయె అక్కడే కూలబడి, దోర్లావాళ్ళు పోయినవాళ్ళ మంచీచెడ్డా చెప్పుకుంటూ పాడే ఏడుపు పాట ఎత్తుకుంది. బజారంతా పోగైంది. ఇంటికి మైల ఉందా, అంగడి మూయాలా అని పెద్దలు వాదించుకుంటుంటే మంగాదేవి తల తుడుచుకుంటూ తీర్పు చెప్పింది.

"ఏడుపొచ్చినోళ్ళు ఏడువండి. మైల లేదు. తానం రేపు పొద్దుగాల ఎట్లనూ చేస్తరు గదా, అదే చాలు. నడువుండ్రి, బేరాలున్నయి."

అప్పటినుంచి కోంటాలో శ్రీరంగం చావు సంత లెక్క మామూలైపోయింది. ముయె గంప దించుతూ "సావుకారమ్మా, అన్న మల్ల పోయిండు గదా, ఈసారి మెట్ల మీదికెళ్ళి" అని చెప్పేది. "పోనీ, చలికాలం గదా, పని ఉన్నట్టే" అనేది మంగాదేవి.

యాభై రెండు చావుల తర్వాత ఆయన అదృష్టం తిరిగింది. రాత్రి భోజనాల ముందు వచ్చే ఒక సీరియల్లో పెద్దయ్యగారి వేషం ఇచ్చారు. మంచం మీద పెద్దాయన, మాటలు తక్కువ. రెండు నెలల్లో పోతాడని అనుకున్నారు. కానీ కథ రాసేవాళ్ళు మరిచిపోయారో, తీరిక లేకో, రెండొందల ఎపిసోడ్లు బతికిపోయాడు. ఒకరోజు డైరెక్టర్ భుజం మీద చెయ్యేసి, "మనవరాలి పెళ్ళిలో పెద్దయ్యగారు లేచి నిలబడి ఆశీర్వదిస్తారు. మీకు ఒక పూర్తి పేజీ డైలాగ్ సార్" అన్నాడు. కాగితం కూడా చేతికిచ్చాడు.

శ్రీరంగం ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. పేజీకి ఇరవై ఆరు వరుసలు. ఇన్నేళ్ళ బతుకులో మొదటిసారి వాక్యం చివరిదాకా పోయి చుక్క పెట్టబోతున్నాడు. ఆ ఒక్క పేజీ చెప్పాక నిజంగా పోయినా ఫరవాలేదనుకున్నాడు. హైదరాబాదు గోలలో నోటికి రావటం లేదని వారం సెలవు పెట్టి శ్రావణంలో కోంటా వచ్చాడు.

రెండో రోజు పొద్దున పెరట్లో వేపచెట్టు కింద నిలబడి, "అమ్మా, నా చేతులతో నిన్ను అప్పగిస్తున్నాను" అని చేతులు చాచి చెబుతున్నాడు. చెట్టుమీది కాకి దిగి ఆయన నెత్తిమీద టక్కున తన్ని పోయింది.

వంటింటి గుమ్మంలోంచి మంగాదేవి చూసింది. చేతిలో గరిటె అట్లాగే ఉంది.

"అయిపాయె" అంది.

కాకి నెత్తిన తంతే ప్రాణగండం అంటారు. విరుగుడు కూడా ఉంది. ఆ మనిషి పోయాడని చుట్టాలకు అబద్ధపు కబురు పంపాలి. వాళ్ళు నిజమని నమ్మి నాలుగు కన్నీళ్ళు కార్చాలి. తర్వాత బతికే ఉన్నాడని చెప్పాలి. రావలసిన ఏడుపు వచ్చిపోయింది కాబట్టి గండం తిరిగిపోతుంది. మంగాదేవి మామగారికి అట్లా చేస్తే ఇంకో ఇరవై ఏళ్ళు బతికి అందరి ప్రాణం తీశాడు.

"అక్కా, నేను యాభై రెండు సార్లు చచ్చిన. అవన్నీ ఎక్కడికి పోయినయ్? అండ్లకెళ్ళి ఒకటి పట్టుకోమను కాకిని" అన్నాడు శ్రీరంగం.

"అవి కొలువుకు చచ్చినయ్. ఇది ఇంటి చావు. నోరు మూసుకొని లోపల కూసో, ఎవ్వలకూ కనవడకు."

"కంపెనీకి మాత్రం చెప్పకు. నా పేజీ ఉన్నది."

"నీ కంపెనీ నాకెందుకురా!"

కోంటాలో ఫోను మోగాలంటే ఏటి ఒడ్డుకు పోయి అవతలి రాష్ట్రం టవరు అందుకోవాలి. మంగాదేవి తమ్ముడి ఫోను పట్టుకుని వాడిని తాటాకు గొడుగు కింద దాచి తీసుకుపోయింది. నంబర్లు వాడు నొక్కి ఇచ్చాడు, మాట ఆమె మాట్లాడింది. మొదట భోపాలపట్నంలో ఉన్న ఆడబిడ్డ భద్రమ్మకు.

"భద్రమ్మా... మన రంగడు పోయిండే..."

"అయ్యో! ఏ సీరియల్ల వదినా?"

"సీరియల్ గాదే, నిజంగ పోయిండు!"

"ఆ సీరియల్ ఏ చానల్ల వస్తది? మా టీవీ డబ్బా చెడిపోయింది."

జగదల్‌పూర్ సుశీలమ్మ అంతకంటే నయం. "ఎట్ల పోయిండు? గుండెనా, మెట్లా?" అని అడిగి, గుండె అని తెలుసుకుని, "గుండెది మస్తు చేస్తడమ్మా" అని మెచ్చుకుంది. దంతెవాడలో ఉన్న చిన్నాన్న కొడుకు "ఆ కంపెనీవాళ్ళకు ఇంకెవ్వరూ దొరకరా అక్కా? అన్ననే చంపుతరు ఎప్పుడు చూడూ" అని కోప్పడ్డాడు. తొమ్మిది ఊళ్ళకు కబురు పోయింది. ఒక్క చుక్క కన్నీరు రాలేదు.

గొడుగు కింద శ్రీరంగం మొదట కడుపు పట్టుకుని నవ్వాడు. ఆరో ఫోనుకు నవ్వు తగ్గింది. తొమ్మిదో ఫోను అయ్యాక "నేను నిజంగ పోతే గూడ గిట్లనే అంటరా ఏంది?" అని ఏటి నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు.

ఒక్కరన్నా నమ్మి ఏడవకపోతే గండం పోదని అక్క బెంగ. వాడు ముఖం కడుక్కోవడానికి నీళ్ళలోకి దిగినప్పుడు ఫోను చేతిలో పెట్టుకుని ఆలోచించింది. ఆమెకు అక్షరాలు రావు గానీ, కంపెనీ మేనేజర్ పేరు పక్కన వినాయకుడి బొమ్మ ఉంటుందని తమ్ముడు ఇదివరకే చూపించాడు. బొమ్మ మీద నొక్కింది.

"హలో, మీ శ్రీరంగం పోయిండు బాబూ. నేను ఆయన అక్కను" అంది.

అవతల మేనేజర్ నరసింహులు "అయ్యో" అన్నాడు. మళ్ళీ "అయ్యయ్యో" అన్నాడు. తర్వాత ఎక్కెక్కి ఏడ్చాడు. మంగాదేవి మనసు చల్లబడింది. కాసేపు ఏడవనిచ్చి, బతికే ఉన్నాడని చెబుదామని నోరు తెరిచింది. టవరు పోయింది.

ఆ టవరు ఐదు రోజులు రాలేదు. ఆ సాయంత్రమే పట్టిన వాన వదల్లేదు, శబరి పొంగి రోడ్డెక్కింది, బస్సులు ఆగిపోయాయి. మర్నాడు పొద్దున అన్నం వడ్డిస్తూ మంగాదేవి సంగతి బయటపెట్టింది.

"గండం పోయింది, భయపడకు. మీ మేనేజర్ బంగారం లాంటోడు, ఎంత ఏడ్చిండో! మన చుట్టాలకన్న వెయ్యింతలు నయం."

శ్రీరంగం చేతిలో ముద్ద కంచంలో పడింది. "అక్కా, ఆయన నా కోసం ఏడ్వలే. పదకొండు రోజుల పెళ్ళి షూటింగు ఉన్నది. దానికోసం ఏడ్చిండు!"

"అంటే గండం పోలేదా?"

"గండం సంగతి తెల్వది. నా పేజీ పోయింది."

ఎడమచేయి గుండె మీద పెట్టుకుని కుడిచేయి స్తంభం కోసం వెతికాడు. ఇది ఏ రకమో మంగాదేవికి తెలుసు గనుక భయపడలేదు. ఆ నాలుగు రోజులూ వాడు వసారాలో కూర్చుని నీళ్ళు ఎంత తీశాయో చూస్తూ గడిపాడు.

దారి తెరిచిన మొదటి బస్సుకు శ్రీరంగం ఎక్కాడు. స్టూడియో గేటు దగ్గర వాచ్‌మన్ దండం పెట్టి దారి ఇచ్చాడు, తర్వాత కెవ్వుమన్నాడు. లోపల నరసింహులు ఆయన్ని చూసి కుర్చీ లేనిచోట కూర్చున్నాడు. సెట్టు మీద హాలు గోడకు పెద్దయ్యగారి ఫొటో ఉంది. దండ ఉంది. అగరొత్తులు వెలుగుతున్నాయి.

శ్రీరంగం ఫొటో దగ్గరికి పోయి తల వంచి చూశాడు. "దండ ఎడమకు జరుపుండ్రి. మొకం మీద పడుతున్నది" అన్నాడు. పాత అలవాటు.

డైరెక్టర్ జుట్టు పీక్కున్నాడు. "ఐదు ఎపిసోడ్లు వచ్చేశాయి సార్! గంధపుకట్టెలు పేర్చాం, పదమూడో రోజు భోజనాలు కూడా పెట్టేశాం. జనం చూసేశారు. మిమ్మల్ని ఇప్పుడు ఎట్లా లేపమంటారు?"

"కవలపిల్లలమని చెప్పొచ్చు గదా?"

"కవలలు విలన్‌కు వాడేశాం."

"మరి నా పేజీ?"

"పేజీ ఏం చేసుకుంటారు సార్, పెద్దయ్యగారే లేరు!"

శ్రీరంగం మళ్ళీ ఫొటోకేసి చూశాడు. దాని ముందు పెళ్ళికూతురి వేషంలో అమ్మాయి నిలబడి, షాటు కోసం ముక్కు ఎగబీలుస్తూ సాధన చేస్తోంది. పదిహేనేళ్ళుగా ఎన్ని గోడలు, ఎందరు అమ్మాయిలు! అందరి కష్టాలూ విన్నాడు, ఒక్కదానికీ బదులు చెప్పలేదు.

"సారూ, ఈ పిల్ల ఇప్పుడు నా ఫొటోతోని మాట్లాడుతది గదా?" అన్నాడు.

"ఆ."

"ఎన్నేండ్ల సంది మాట్లాడుతున్నరు, ఒక్క ఫొటో అన్న జవాబు చెప్పిందా? ఈసారి చెప్పనియ్యండి. ఒక్కసారి."

డైరెక్టర్ జుట్టు వదిలేశాడు. నరసింహులు నేలమీదనుంచి లేచాడు. వడ్రంగిని పిలిచి గోడకు కిటికీ అంత రంధ్రం కొట్టించారు, చుట్టూ ఫ్రేము బిగించారు. వెనక స్టూలు వేసి శ్రీరంగాన్ని ఎక్కించి, మెడలో దండ వేశారు.

జేబులోంచి పేజీ తీసి చూసుకున్నాడు. "నా చేతులతో నిన్ను అప్పగిస్తున్నాను" అని మొదటి వరుస. ఫొటోకు చేతులెక్కడివి? రెండో వరుసలో "రేపు మీ ఇంటికి వస్తాను" అని ఉంది. పోయినవాడు ఇంటికొస్తానంటే కొత్త పెళ్ళికూతురు జడుసుకోదా? ఇరవై ఆరు వరుసలూ బతికున్నవాడివే. రాసినాయనకు ఫోను చేస్తే ఇంకో సీరియల్లో ఎవరినో చంపుతున్నాడట, తీరిక లేదన్నారు. "మీకు తోచింది చెప్పెయ్యండి సార్, వెలుగు పోతోంది" అన్నాడు డైరెక్టర్.

శ్రీరంగం కాగితం మడిచి జేబులో పెట్టేశాడు. కెమెరా తిరిగింది. అమ్మాయి "తాతయ్యా!" అని గోడ ముందు పడి ఏడ్చింది. ఫొటో కళ్ళు తెరిచింది. కోంటా భాషలో నోరు కూడా తెరిచింది.

"ఏంది బిడ్డా, గట్ల ఏడుస్తున్నవ్? నేను ఎక్కడికి పోలే, గోడకున్న. మంచమ్మీద ఉన్నప్పుడు నాకు దూలాలు తప్ప ఏం కనవడలే. ఇప్పుడు ఇల్లంతా కనవడుతున్నది. నీ పక్కన నిలబడ్డ పిలగాడు మంచోడు లెక్కనే ఉన్నడు. కాకపోతే నాలుగొద్దులు చూస్తం, తొందరేం లేదు. ఏడుపొస్తే నా దిక్కు తిరిగి ఏడువకమ్మా. నాకు తుడవ చేతులు లేవు. మీ అమ్మ దిక్కు తిరుగు, ఆమెకున్నయి. బతికున్నోళ్ళ దగ్గర ఏడిస్తే ఒక మాటన్న దొరుకుతది, ఇన్నేండ్లు నా దగ్గర ఏడ్చినోళ్ళకు ఒక్కటీ దొరకలే. పో, పీటల మీద కూసో. పోతా పోతా ఈ దండ మార్చమని చెప్పు. కాయితం పూలు, మెడ గీరుకుంటున్నది."

కట్ చెప్పడం డైరెక్టర్ మరిచిపోయాడు. అమ్మాయి గ్లిజరిన్ లేకుండానే ఏడుస్తోంది, ఏడుస్తూ నవ్వుతోంది.

అది టీవీలో వచ్చిన సాయంత్రం మంగాదేవి అంగడి నిండా జనం. శ్రీరంగం నోటినుంచి అంత మాట వాళ్ళు టీవీలో ఎప్పుడూ వినలేదు. పైగా తమ మాట. "చేతులు లేవు" అన్నచోట ముయె గంప పక్కన కూలబడి పాట ఎత్తుకుంది. ఆ సాయంత్రం అవతలి టవరు ఎట్లాగో అంగడిదాకా అందింది, తమ్ముడు కొనిచ్చిన కొత్త ఫోను ఏటి ఒడ్డుకు పోకుండానే మోగింది. భద్రమ్మ వెక్కుతోంది.

"వదినా, ఆనాడు నువ్వు నిజంగనే చెప్పినవా? రంగన్న పోయిండా? ఏ సీరియల్ అని అడిగితి గదనే పాపిష్టిదాన్ని!"

మంగాదేవి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"పోలే, బతికే ఉన్నడు. అయినా ఆపకు. ఇంకొంచెం ఏడువు."

తర్వాత జగదల్‌పూర్ నుంచి, దంతెవాడనుంచి వరసగా ఫోన్లు. తొమ్మిది ఊళ్ళూ ఏడ్చాయి. మంగాదేవి అందరినీ కడుపారా ఏడవనిచ్చి, అందరికీ నిజం చెప్పి, అంగడి ముందు నిలబడి చెట్టుమీది కాకులకు వినబడేట్టు "లెక్క తీరింది, ఇంక పోండి" అంది.

ఫొటో మాట్లాడటం జనానికి నచ్చింది. దాంతో ప్రతి శుక్రవారం మాట్లాడించడం మొదలుపెట్టారు. కథ రాసేవాళ్ళు ఆ తర్వాత నాలుగేళ్ళలో ఆ ఇంట్లో దాదాపు అందరినీ చంపారు. పెద్దయ్యగారి జోలికి మాత్రం ఎవరూ పోలేకపోయారు. పోయినవాణ్ణి ఇంకేం చేస్తారు? వేషం పోయిన నటులు వచ్చి స్టూలు దగ్గర నిలబడి, "అన్నా, మీ ఫ్రేము పక్కన మాకూ ఇంత రంధ్రం కొట్టించరాదూ" అని అడిగేవాళ్ళు.

శ్రీరంగం ఏటా శ్రావణంలో కోంటా వస్తాడు. పొద్దున్నే గుప్పెడు మెతుకులు వేపచెట్టు కింద చల్లి, టోపీ తీసేసి, బట్టతల ఎత్తి పట్టుకుని కూర్చుంటాడు. వంటింట్లోంచి మంగాదేవి గరిటె పట్టుకుని ఉరికొస్తుంది.

"ఒరే సన్నాసీ, నెత్తిన గుడ్డన్న ఏసుకో! మల్లా తంతదిరా!"

"తన్ననీ అక్కా. ఇంకో సీరియల్ అడుగుతున్న."